రక్తనాళములు – కాల్షియము తూములు
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన తంబళ్లపల్లె సీమలో రాగిసంగటి యెరుగని యిల్లు లేదు. రక్తపుపోటునకు మాత్రలు వాడు పెద్దలొకరు, అది కాల్షియము నడ్డగించు మందని విని, సంగటియు మజ్జిగయు మానివేసిరి. వేరొకరు కాళ్లు వాచినవని మాత్రనే మానిరి. ఈ రెండు పొరపాట్లను గూర్చియే నేడు నా విన్నపము.

గుండెనుండి రక్తమును గొనిపోవునవి ధమనులు. మరల దెచ్చునవి సిరలు. ధమనుల గోడలయందు కండరము గలదు. దాని కణములకు వెలుపలి కాల్షియము, లోపలిదానికంటె సుమారు 10,000 రెట్లు హెచ్చు. చెరువుకట్టకు తూములవలె కణపు పొరయందు సూక్ష్మద్వారములున్నవి. అవి తెరచుకొనగనే కాల్షియము లోనికి వచ్చును, కండరము బిగియును, నాళ మిరుకగును, పోటు హెచ్చును. ఆ బిగువునకు శక్తినిచ్చు ఏ.టి.పి. యను పదార్థమును 1929లో వెల్లడించినవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు.

కొన్ని మందులు కాల్షియపు రాకను తగ్గించునని 1960 దశకమున జర్మను పండితుడు ఫ్లెకెన్‌స్టైన్ చూపెను. నేడు విరివిగా వాడు ఆమ్లోడిపిన్ ఆ జాతిదే. తూము కొంత మూతపడగా కండరము సడలును. నాళపు వ్యాసము పదవవంతు పెరిగినచో రక్తప్రవాహమున కడ్డు సుమారు మూడవవంతు తగ్గును.

ఆ మందు తినుకూటిలోని కాల్షియమునకు వైరి కాదు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. అది యెముకలకు బలము. వైద్యుడు ప్రత్యేకముగా వలదన్నగాని సంగటి మానవలదు.

ఇక వాపు. ఈ మందు ధమనులను సడలించినంతగా సిరలను సడలింపదు. మడికి నీరు వచ్చు కాలువ వెడల్పయి, పోవు కాలువ యిరుకుగనే యున్నచో నీరు నిలుచును గదా! అట్లే చీలమండలయొద్ద నీరూరును. వాపునకు ఇతర కారణములు నుండవచ్చును గాన వైద్యునకు చూపవలెను. ఆయన మోతాదు తగ్గించియో, సిరలను గూడ సడలించు మందు చేర్చియో సవరించును. తమంతట మానినచో పోటు మరల లేచి పక్షవాతమునకు దారితీయవచ్చును.

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున నొకప్పుడు క్షయరోగులు నెలల తరబడి యోపికతో చికిత్స పొందిరి. ఈ వ్యాధికిని అట్టి యోపికయే వలయును. దాతలు ప్రతి మహాసభయందును పోటు పరీక్షించు నేర్పాటు చేయింతురు గాకయని ప్రార్థించి విరమించుచున్నాను.