లారీ రేడియేటర్‌లో ఇంజన్ ఆయిల్: హెడ్డు విప్పే ముందు ఏం చూడాలి?

ఫోన్ కొంచెం దగ్గరగా పెట్టుకుని ఈ సీసా చూడండి. పాలు ఎక్కువ పోసి కలిపిన బూస్ట్ లాగా ఉంది కదా? తాగేది కాదు. ఒక 12 టైర్ల లారీ రేడియేటర్ లోంచి పట్టిన కూలెంట్ ఇది. పచ్చగా, పల్చగా ఉండాల్సింది ఇలా చిక్కగా, జిడ్డుగా తయారైంది.

ఈ లారీ మా బావది. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. గుంటూరు నుంచి మిర్చి లోడుతో చెన్నై వెళ్తుంటే ఒంగోలు దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. పక్కకి ఆపి, చల్లారాక మూత తీస్తే ట్యాంకులో ఈ మీగడ. దగ్గర్లో ఉన్న షెడ్డుకి తీసుకెళ్తే, చూడగానే "ప్యాకింగ్ పోయింది, హెడ్డు దించాలి. లైనర్లు కూడా చూడాలి, లక్ష దాటుద్ది" అన్నారట. లోడు వేరే బండికి మార్చాడు, బాడుగ పోయింది. ఐదో తారీకు ఫైనాన్స్ కిస్తీ. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశాడు. "ఏరా, విప్పించమంటావా?" అని.

నేను ఒక్కటే చెప్పా. "బావా, రేపు నేనొచ్చేదాకా స్పానర్ పట్టనివ్వొద్దు. ఇంజన్ కూడా స్టార్ట్ చేయొద్దు."

స్టార్ట్ చేయొద్దని ఎందుకన్నానో ముందు అర్థం చేసుకోండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. ఇంజన్ తిరిగేటప్పుడు ఆయిల్ ప్రెషర్ సుమారు 3 నుంచి 5 బార్ ఉంటుంది. కూలెంట్ వైపు రేడియేటర్ మూత ఆపేది 1 బార్ అటూ ఇటూ. మధ్యలో ఎక్కడ చిల్లు పడినా, ఎక్కువ ప్రెషర్ ఉన్న ఆయిల్ తక్కువ ఉన్న నీళ్లలోకి దూరుతుంది. కీ తిప్పి ఇంజన్ ఆపారనుకోండి, ఆయిల్ ప్రెషర్ వెంటనే సున్నా. వేడి మీదున్న కూలెంట్‌కి మాత్రం ప్రెషర్ ఇంకా ఉంటుంది. అప్పుడు అదే చిల్లులోంచి నీళ్లు ఆయిల్‌లోకి దారి చూసుకోవచ్చు. నీళ్లు కలిసిన ఆయిల్‌తో ఇంజన్ తిప్పితే బేరింగులు పోతాయి. అప్పుడు నిజంగానే లక్ష దాటుద్ది.

పొద్దున్నే వెళ్లి మొదట గేజి పుల్ల లాగా. ఆయిల్ నల్లగా, మామూలుగానే ఉంది. తెల్ల మీగడ లేదు. కానీ మట్టం తగ్గింది. బావని అడిగితే, పది రోజులుగా ఆయిల్ తగ్గుతోందట, కింద చుక్క పడట్లేదు, సైలెన్సర్‌లో నీలం పొగ లేదు. మరి ఆ ఆయిల్ ఎటు పోయింది? ఈ సీసాలోకే.

పుల్ల మీద కనబడలేదని ఆయిల్‌లో నీళ్లు లేవని అనుకోకూడదు. రాత్రంతా చదునైన చోట నిలబెట్టిన బండి అయితే, చాంబర్ డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగున ఉంటాయి, ముందు అవే వస్తాయి. బాగా చిలికినట్టు కలిసిపోయి ఉంటే విడిగా రాకపోవచ్చు. అప్పుడు వేడి రేకు మీద ఒక్క చుక్క వేసి చూడండి. నీళ్లుంటే చిటపటమంటుంది. మొహం దూరంగా పెట్టండి, కళ్లలో పడుతుంది. మా బావ బండికి నీళ్లు రాలేదు, చిటపటా లేదు.

హెడ్ ప్యాకింగ్ పోతే ఏం కనిపించాలి? సిలిండర్‌లో మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తాయి, స్టార్ట్ చేసిన కాసేపటికే హోజ్ పైపు రాయిలా గట్టిపడుతుంది. కూలెంట్ సిలిండర్‌లోకి పోతుంటే తెల్ల పొగ, తీపి వాసన. గ్యాస్ పట్టుకోవడానికి నీలం రంగు టెస్ట్ మందు కూడా దొరుకుతుంది, గ్యాస్ తగిలితే దాని రంగు మారుతుంది. ఆయిల్‌లో నీళ్లు లేవని తేలాకే, మా బావ బండి ఒక్క రెండు నిమిషాలు స్టార్ట్ చేసి చూశాం. బుడగల్లేవు, పొగ లేదు. ప్యాకింగులో ఆయిల్ దారికీ నీటి దారికీ మధ్య మాత్రమే తెగితే ఈ గుర్తులేవీ కనబడవు, అది కూడా ఉంది. కానీ ముందు వెతకాల్సింది అది కాదు.

ఇక్కడ చిన్న మాట. బుడగలొచ్చినా వెంటనే హెడ్డు మీద పడొద్దు. లారీల్లో బ్రేకుల గాలి కోసం ఉండే ఎయిర్ కంప్రెసర్ హెడ్డుకి కూడా చాలా ఇంజన్లలో ఇదే కూలెంట్ తిరుగుతుంది. దాని ప్యాకింగ్ పోయినా గాలి కూలెంట్‌లోకే వస్తుంది. గాలి ట్యాంకులు నిండి కంప్రెసర్ కట్ ఆఫ్ అయ్యాక బుడగలు తగ్గాయంటే అనుమానం అటువైపు తిరగాలి. కార్ల వీడియోలు చూసి లారీ పని నేర్చుకునే తమ్ముళ్లు తప్పు చేసేది ఇక్కడే. కారులో ఆ కంప్రెసర్ ఉండదు కదా.

సరే, మన బండికి వద్దాం. నీళ్లలో ఆయిల్ ఉంది, ఆయిల్‌లో నీళ్లు లేవు, బుడగల్లేవు, పొగ లేదు. ఇలాంటప్పుడు మొదటి అనుమానం ఆయిల్ కూలర్ మీద. చాలా ట్రక్ ఇంజన్లలో బ్లాక్ పక్కన ఒక కవర్ కింద ఉంటుంది. ప్లేట్ల లోపల వేడి ఆయిల్, బయట చుట్టూ కూలెంట్. మధ్య అడ్డం పల్చటి లోహపు రేకే. అది తినేస్తే ఇంతే సంగతులు.

కూలెంటూ ఆయిలూ దించి కవర్ విప్పాం, కూలర్ బయటికి తీశాం. ఒక ఆయిల్ రంధ్రం రబ్బరు, పట్టీతో బిగించి, రెండో దాంట్లోంచి గాలి పెట్టాం. ఎంత పెట్టాలనేది మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది, అది మించొద్దు. నీళ్ల టబ్బులో ముంచాం. ఏమీ రాలేదు! ఒక్క బుడగ లేదు. షెడ్డు వాళ్లు నా వంక చూశారు. నిజం చెప్తున్నా, నాకూ చెమటలు పట్టాయి. తిరిగి బిగించేద్దాం, హెడ్డే దించుదాం అనే దాకా వచ్చా.

అప్పుడు గుర్తొచ్చింది. టబ్బులో ఉన్నవి చన్నీళ్లు. సన్నటి పగులు చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, లోహం వేడెక్కి సాగినప్పుడు తెరుచుకోవచ్చు. పక్క టీ కొట్టాయన్ని అడిగి రెండు బకెట్లు వేణ్నీళ్లు కాయించాం. కూలర్ అందులో పది నిమిషాలు ఉంచి మళ్లీ గాలి పెడితే, ఒక మూల అతుకు దగ్గర్నుంచి దారంలా సన్నగా బుడగలు. ఆ వీడియో ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. మా బావ మొహం కూడా చూడండి.

షెడ్డు వాళ్లు మోసం చేశారని నేననను. వాళ్లు చూసినవాటిలో ఎక్కువ ప్యాకింగ్ కేసులే అయ్యుండొచ్చు. కానీ హెడ్డు దించి ప్యాకింగ్ మార్చినా ఈ ఆయిల్ ఆగేది కాదు, కిస్తీ డబ్బులు అయిపోయాక మళ్లీ ఇదే మీగడ వచ్చేది.

మరి కూలర్ ఎందుకు తినేసింది? బావ రెండేళ్లుగా దారిలో ఎక్కడ బోరు కనిపిస్తే అక్కడ నీళ్లు పట్టి పోస్తున్నాడు. ఉప్పు నీళ్లు, అందులో తుప్పు ఆపే మందు ఉండదు. ఇది నేను అంటే "అందరూ పోసేది అదేరా" అన్నాడు.

కొత్త కూలర్, కొత్త సీళ్లు వేశాం. అసలు చాకిరీ ఆ తర్వాతే. లోపల పట్టిన జిడ్డు నీళ్లతో పోదు. థర్మోస్టాట్ తీసేసి, నురుగు రాని డిటర్జెంట్ కలిపిన వేణ్నీళ్లు పోసి, ఇంజన్ తిప్పి, దించి... ఐదు సార్లు చేశాం. ఆరోసారి నీళ్లు తేటగా వచ్చాయి. డీజిల్ పోసి కడగొద్దు, రబ్బరు పాడవుతుంది. ఇప్పటికే ఆయిల్ నానిన హోజ్ పైపులు నొక్కి చూడండి, మెత్తగా ఉబ్బి ఉంటే మార్చేయండి. బావ పైపు ఒకటి "ఇంకా బానే ఉందిలే" అని ఉంచేశాడు. తొమ్మిదో రోజు నెల్లూరు దగ్గర అదే పగిలింది. స్పేర్ పైపు క్యాబిన్‌లో పెట్టించా కాబట్టి అరగంటలో కదిలాడు.

వచ్చే వీడియోలో దీనికి రివర్స్ కేసు, చాంబర్‌లోకి నీళ్లు దిగే లైనర్ ఓ రింగుల సంగతి చూద్దాం. మీ బండి ట్యాంకులో ఇలాంటిది కనబడితే, ఇంజన్ చల్లారాకే మూత తీసి, ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి. గేజి పుల్ల ఫోటో కూడా పెట్టండి, అది లేకుండా నేనేమీ చెప్పలేను.