వేసవి నీటి లెక్క
(ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా పుదుచ్చేరిలో మన సంఘం సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



సెప్టెంబర్ 15 మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పుట్టిన రోజు అని మీ అందరికీ తెలుసు. "మైసూరు దివాన్ గురించి పుదుచ్చేరిలో ఎందుకండీ?" అని మొన్న ఒక మిత్రుడు అడిగాడు. మన కారైకాల్ రైతుల కాలువల్లో పారేది కావేరి నీరు. ట్రిబ్యునల్ 2007లో ఇచ్చిన తీర్పులో పుదుచ్చేరి వాటా 7 టీఎంసీలు. 2018లో సుప్రీంకోర్టు మిగతా లెక్కలు మార్చినా ఆ 7 అలాగే ఉంచింది. ఆ నదికి ఎగువన కట్టిన పెద్ద ఆనకట్ట విశ్వేశ్వరయ్య గారిదే. ఇంకో సంగతి, వారి పూర్వీకులది మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. తెలుగు కుటుంబం. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో.

ఆయన గురించి చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ఎలక్ట్రీషియన్‌గా చేరి సుబేదార్‌గా రిటైరయిన వాణ్ణి. లడఖ్ వైపు ఒక పోస్టులో ఉన్నప్పుడు, డీజిల్ మోసుకొచ్చే బాధ తప్పుతుందని పక్కనున్న వాగు మీద చిన్న టర్బైన్ పెట్టాం. జూలై నెల. మంచు కరిగి వాగు హోరుమంటోంది. నీళ్లు కొలిచింది నేనే, లెక్క వేసింది నేనే. మొదటి రాత్రి బల్బులు వెలిగితే కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. అక్టోబర్ దాటేసరికి వాగు సన్నబడింది. నవంబర్‌లో బల్బులో తీగ మాత్రం ఎర్రగా కనపడేది. మా మేజర్ గారు కోప్పడలేదు. "సాబ్, ఈ వాగు జనవరిలో ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లను ఎవరినైనా అడిగారా?" అన్నారు, అంతే. అడగలేదు. కింద ఊళ్లో గొర్రెలు కాసే ముసలాయన్ను అడిగినా చెప్పేవాడు. ఆ చలికాలమంతా డీజిల్ డబ్బాలు మళ్లీ భుజాల మీదే వచ్చాయి, అందులో కొన్ని నా భుజం మీద.

విశ్వేశ్వరయ్య గారి పుస్తకాలు నేను చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

కావేరి మీద శివనసముద్రం దగ్గర 1902లోనే కరెంటు తీశారు. అది ఆయన చేసిన పని కాదు. దివాన్ శేషాద్రి అయ్యర్ గారి పట్టుదల, ఆ పథకం తయారు చేసిన డి లాట్‌బినియేర్ అనే రాయల్ ఇంజనీర్స్ అధికారి కృషి. శాపర్ సోదరులు గమనించాలి, ఆయన మనవాడే! తర్వాత గల్లిపోలీలో కూడా పనిచేశాడు. ఆ కరెంటును సుమారు 150 కిలోమీటర్లు తీగల మీద లాగి కోలార్ బంగారు గనులకు ఇచ్చారు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే పొడవైన లైన్లలో అదొకటి. 1905లో బెంగుళూరు వీధి దీపాలు కూడా వెలిగాయి.

అయితే నాకు వాగు దగ్గర వచ్చిన చిక్కే వాళ్లకు నది దగ్గర వచ్చింది. వానాకాలంలో కావేరి పొంగి పొర్లుతుంది. వేసవిలో రాళ్లు తేలతాయి. గనిలో పంపులు, లిఫ్టులు మాత్రం వేసవి అని ఆగవు కదా.

1909 చివరలో విశ్వేశ్వరయ్య గారు మైసూరుకు చీఫ్ ఇంజనీర్‌గా వచ్చారు. అప్పటికే బొంబాయి రాష్ట్రంలో ఇరవై నాలుగేళ్లు పనిచేసి, పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకు వరద వస్తే వాటంతట అవే తెరుచుకునే గేట్లు పెట్టించి, 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిస్తే హైదరాబాద్ కాపాడే పథకం రాసిచ్చిన మనిషి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ పథకంలోవే.

మైసూరులో ఆయన చూసింది ఏమిటంటే, శివనసముద్రంలో మరో టర్బైన్ పెడితే లాభం లేదు. ఎగువన కన్నంబాడి దగ్గర నీరు నిలబెట్టాలి, వేసవిలో కొలిచి వదలాలి. అంటే కృష్ణరాజసాగరం కట్టడానికి మొదటి కారణాల్లో ఒకటి కోలార్ గనుల కరెంటు. పొలాల నీరు కూడా లెక్కలో ఉంది, కానీ ఖజానాకు ఖాయంగా బిల్లు కట్టే ఖాతాదారు గనుల కంపెనీ. ముందు కొనేవాణ్ణి చూపించి, తర్వాత కట్టడానికి డబ్బు అడిగాడాయన. మన భాషలో చెప్పాలంటే, ముందు లోడ్, తర్వాత జెనరేటర్. ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు. చివరకు 1911 అక్టోబర్‌లో మహారాజా నాల్వడి కృష్ణరాజ ఒడయార్ 81 లక్షలతో మొదటి దశకు అనుమతి ఇచ్చారు. నవంబర్‌లో పని మొదలు. పదివేల మంది కూలీలు. అప్పట్లో సిమెంటు దిగుమతి సరుకు, ధర ఎక్కువ. అందుకని ఇటుక పొడి, సున్నం కలిపిన సుర్కీతోనే కట్టారు.

ఇక్కడ మద్రాసు ప్రభుత్వంతో గొడవ వచ్చింది. దిగువన తంజావూరు రైతుల భయం వాళ్లది. మొదట 11 టీఎంసీలకే ఒప్పుకున్నారు. మైసూరు వాళ్లు సరేనన్నారు గానీ, పునాది మాత్రం పూర్తి ఎత్తుకు తగ్గ వెడల్పుతోనే వేశారు. దీన్ని దూరదృష్టి అని మైసూరు వాళ్లు అంటారు. దిగువ వాళ్లు ఏమంటారో కారైకాల్ వెళ్లి అడగండి! నాకు తోచేది ఒక్కటే. కరెంటు తీసిన నీరు తగ్గదు, టర్బైన్ తిప్పి మళ్లీ నదిలోకే పోతుంది. శివనసముద్రం నుంచి వచ్చేది కూడా కిందికే వస్తుంది. కాలువలో పొలానికి తిప్పిన నీరే తిరిగి రాదు. వాన లేని ఏడాది ఎప్పుడు వదలాలి, ఎంత వదలాలి అన్న దగ్గరే తగాదా. 1924లో రెండు ప్రభుత్వాలకూ యాభై ఏళ్ల ఒప్పందం కుదిరింది, 1931కి ఆనకట్ట పూర్తయింది. కన్నంబాడి ఊరు మునిగిపోయింది. వేలాది మంది ఇళ్లు వదిలారు. మునిగిన వేణుగోపాలస్వామి గుడి రాళ్లను చాలా ఏళ్ల తర్వాత విప్పి గట్టు మీద తిరిగి కట్టారు. ఆ ఇళ్లు వదిలినవాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా నేను చూడలేదు.

1912 నుంచి 1918 వరకు ఆయన దివాన్. కరెంటు చేతిలో ఉంటే ఊరికే ఉండలేదు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో విశ్వవిద్యాలయం, గంధపు నూనె ఫ్యాక్టరీ, సబ్బుల ఫ్యాక్టరీ, తర్వాత భద్రావతి ఇనుప కర్మాగారం. భద్రావతిలో 1923లో ఇనుము తీసింది కట్టె బొగ్గుతో, కరెంటుతో కాదు. జోగ్ జలపాతం మీద 1948లో విద్యుత్ కేంద్రం వచ్చాకే అక్కడ కరెంటు కొలుముల రోజులు మొదలయ్యాయి. కర్మాగారం నష్టాల్లో పడితే 1923 నుంచి ఆరేళ్లు బోర్డు చైర్మన్‌గా కూర్చుని ఒక దారికి తెచ్చారు. దానికి వచ్చిన పారితోషికాన్ని చేతిపనుల విద్యాసంస్థకు ఇచ్చి, తన పేరు వద్దు మహారాజు పేరే పెట్టమన్నారు.

ఆయన చేసినవన్నీ ఒప్పే అనను. వెనకబడిన కులాలకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలన్న మాట మైసూరులో లేచినప్పుడు, దానికోసం మిల్లర్ కమిటీ వేసినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. ప్రతిభ తగ్గిపోతుందన్నారు. ఆ పట్టింపుతోనే 1918లో దివాన్ పదవి వదిలారు. మా నాయన పాలేరు. కాబట్టి ఈ విషయంలో నేను మహారాజు పక్షం.

1935లో, డెబ్బై దాటిన వయసులో, మోటారు కార్ల ఫ్యాక్టరీ కోసం యూరప్, అమెరికా తిరిగి వచ్చారు. ప్రభుత్వం సాయం రాక బెంగుళూరులో కార్ల ఫ్యాక్టరీ రాలేదు. ఆ ప్రయత్నంలో ఆయనతో ఉన్న వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబర్‌లో అదే బెంగుళూరులో మైసూరు ప్రభుత్వంతో కలిసి విమానాల ఫ్యాక్టరీ పెట్టారు. అదే మన హెచ్ఏఎల్. సభలో ఉన్న ఎయిర్‌ఫోర్స్ మిత్రులు ఆ హ్యాంగర్లలో ఎన్ని రాత్రులు గడిపారో వాళ్లకే తెలుసు.

1955లో భారతరత్న ఇచ్చారు. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు దాటాక కన్నుమూశారు. కోలార్ గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఏ గనుల బిల్లు చూపించి ఆనకట్ట కట్టారో ఆ గనులు లేవు, ఆనకట్ట ఉంది. వచ్చే నెల కారైకాల్ వెళ్లే బండిలో ఇంకా నాలుగు సీట్లు ఖాళీ ఉన్నాయి. కాలువలో నీరు ఎంతుందో చూడాలనుకునేవాళ్లు మన కార్యదర్శి గారికి పేరు ఇవ్వండి.