బంగారు మిహ్రాబ్‌కు తెర

 



కృష్ణానది మన నడిగడ్డకు చేరకముందు బీజాపూరు సీమ మీదుగా వస్తుంది. ఆ నగరంలోని జామె మస్జిదును 1576 ప్రాంతంలో మొదటి అలీ ఆదిల్‌షా ప్రారంభించారు. తూర్పున తలపెట్టిన రెండు మినార్లు నేటికీ అసంపూర్ణమే. నమాజుకు అది అడ్డు కాలేదు.

అంత విశాలమైన మస్జిదుకు పెద్ద గుంబజు ఒక్కటే. నమాజు మందిరం వరుసకు తొమ్మిది చొప్పున ఐదు వరుసల్లో 45 అంకణాలుగా ఉంది. నడుమ తొమ్మిది అంకణాల చోట లోపలి నాలుగు స్తంభాలను వదిలివేశారు. చుట్టూ ఉన్న 12 స్తంభాల మీది నుండి లేచిన కమానులు ఒకదానినొకటి దాటుకొంటూ, చతురస్రాన్ని క్రమంగా వలయంగా మలచి గుంబజును మోస్తున్నాయి. స్తంభం అడ్డు లేనందున ఆ గుంబజు క్రింద సఫ్ తెగదు. స్తంభాల మధ్య సఫ్ కట్టడాన్ని సహాబాలు తప్పించుకొనేవారన్న సంగతి మీకు తెలిసినదే.

గోడలూ కమానులూ దాదాపు సాదావే. మిహ్రాబ్ మాత్రం బంగారు వన్నె. 1636లో సుల్తాన్ ముహమ్మద్ ఆదిల్‌షా ఆజ్ఞతో దానిని అలంకరించారు. మలిక్ యాఖూత్ పేరు అక్కడ చెక్కి ఉంది. గూళ్లు, గ్రంథాలు, పూలకుండీలు చిత్రించారు. ఆ బంగారం నడుమనే, ఈ బ్రతుకు స్వల్పమని, దానిని నమ్మరాదని పారసీ వాక్యాలు! రాయించినవాడు సుల్తాను మరి.

ఆ మిహ్రాబ్‌పై తెర దించి ఉంచేవారు, చూడవచ్చినవారికి తొలగించేవారు. మస్జిదుకు ఎరుపు, పసుపు రంగులు పూసి ప్రజల మనస్సును పరీక్షకు గురిచేయవద్దని హజ్రత్ ఉమర్ (రజి) హెచ్చరించిన విషయం ఇక్కడ గుర్తుకు వస్తుంది. నా దృష్టిలో ఆ బంగారం కంటే ఆ తెరకే విలువ ఎక్కువ. నేలపై 2,250 మందికి గడులు గీసి ఉన్నాయి. అమీరుకూ కూలీకీ గడి కొలత ఒక్కటే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో చందాలు కూడబెట్టి పాత మస్జిదులను బాగుచేస్తున్నారు. సంతోషం. కాని మెరుగు పలకలకూ రంగు దీపాలకూ లక్షలు కేటాయించే కమిటీ, వజూ నీటికీ ఇమాం సాహెబు జీతానికీ వచ్చేసరికి చేయి ముడుచుకోవడం న్యాయమేనా? సొమ్ము ఇచ్చే ముందు మీరే అడగండి. పాత సున్నపు గుంబజు కారుతుంటే కూల్చివేతకు తొందరపడకండి. దానిపై సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడ మరింత చెడుతుంది. ముందుగా సున్నపు పని తెలిసిన మేస్త్రీని పిలిచి చూపించండి.