చెట్టెక్కే తాడు, దాని మీద ముడి

పెద్ద చెట్టు మీద కొమ్మలు కొట్టే మనిషి ప్రాణం ఒక తాడు మీద, ఆ తాడు చుట్టూ వేసిన ఒక ముడి మీద ఆధారపడి ఉంటుంది. బరువు పడితే ఆ ముడి తాడును బిగించి పట్టుకుంటుంది. బరువు తీసి చేత్తో తోస్తే పైకి జరుగుతుంది, మీద నొక్కితే మెల్లగా కిందికి జారుతుంది. ఒరిపిడితో పట్టే ఈ రకం ముళ్లను వృత్తిలో ఫ్రిక్షన్ హిచ్‌లు అంటారు.

ఒరిపిడితో నిలబడే విద్య తెలుగు నేలకు కొత్తది కాదు. తాటిచెట్టు మీద గీత కార్మికుడు వెనక్కి ఒరిగితే నడుముకు చుట్టిన మోకు తాడు మానుకు బిగిసేది ఆ ఒరిపిడి వల్లే. అయితే తాటికి కొమ్మల్లేవు కాబట్టి మోకు మానునే పట్టుకోవాలి. చింత, వేప, మర్రి లాంటి చెట్లలో పై పంగ మీదుగా తాడు వేసుకునే వీలుంది. తాడు ఒక కొనను నడుముకున్న హార్నెస్‌కు కడతారు. పంగ దాటి కిందికి వచ్చిన రెండో వైపు మీద హిచ్ వేసి, దాన్నీ హార్నెస్‌కే తగిలిస్తారు. బరువు రెండు వైపులకూ పంచుకుంటుంది. రెండడుగుల తాడు లాగితే మనిషి ఒక అడుగు పైకి వెళ్తాడు.

నైలాన్ రాకముందు ఈ పనికి మనీలా నార తాడే దిక్కు. నైలాన్ బలమైనదే గాని బాగా సాగుతుంది, తడిస్తే కొంత బలం కోల్పోతుంది. పాలిస్టర్ అంతగా సాగదు, తడిసినా లెక్కచేయదు. కొండలెక్కేవాళ్ల డైనమిక్ తాడు ఇక్కడ పనికిరాదు. పడినప్పుడు సాగి దెబ్బను మింగడం కోసం దాన్ని తయారుచేస్తారు. రోజంతా తాడు మీద వేలాడేవాడికి ఆ సాగుడే శత్రువు, లాగిన ప్రతిసారీ కొంత శ్రమ దానికే పోతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1891 ప్రకారం తాడు మీది బరువు 50 కిలోల నుంచి 150 కిలోలకు పెరిగినప్పుడు సాగుడు 5 శాతం దాటకూడదు. అమెరికా ప్రమాణం చెట్టెక్కే తాడుకు కనీసం 24 కిలోన్యూటన్ల బలం అడుగుతుంది, అంటే సుమారు 2,450 కిలోలు. ఒక మనిషికి ఇంత బలమెందుకనిపించవచ్చు. ముడి వేసిన చోట, వంగిన చోట తాడు బలం తగ్గుతుంది. ఎండ, ఒరిపిడి రోజూ కొంత తినేస్తాయి.

లావు సాధారణంగా 11 నుంచి 13 మిల్లీమీటర్లు. సన్న తాడు తేలిక, కానీ చేతికి పట్టు చిక్కదు. నేర్చుకునేవాళ్లకు 13 మిల్లీమీటర్లదే మేలు. 16 పాయల అల్లిక తాడులో బరువు చాలావరకు పైతొడుగే మోస్తుంది. నొక్కినా గుండ్రంగానే ఉంటుంది, పంగలో బెరడుకు రాసుకున్నా ఓర్చుకుంటుంది. 24 పాయలది నున్నగా ఉంటుంది, కప్పీల మీద చక్కగా నడుస్తుంది. హార్డ్‌వేర్ దుకాణంలో తూకానికి దొరికే ప్లాస్టిక్ తాడు ఈ జాబితాలోకి రానే రాదు. కరెంటు తీగల పక్కన కొమ్మలు కొట్టడానికి ఎక్కేవాళ్లలో ఆ తాడైనా లేనివాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ శ్రద్ధ కొమ్మలు కొట్టేవాళ్ల దాకా రావడం న్యాయం.

హిచ్‌లలో పేరుమోసినది ప్రుసిక్. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రుసిక్ 1931లో దీన్ని వెలుగులోకి తెచ్చాడు. పైకీ కిందికీ రెండు వైపులా పట్టుకుంటుంది. గట్టిగా బిగిసిందంటే మాత్రం వదిలించుకోవడం కష్టం. చెట్ల పనిలో చాలాకాలం టాట్‌లైన్ హిచ్ రాజ్యమేలింది. పనిలో అది మెల్లగా పొర్లి సడలుతుంది, దాని మీద ఎప్పుడూ ఒక కన్ను ఉండాలి.

దాని స్థానంలోకి వచ్చింది బ్లేక్స్ హిచ్. హైంజ్ ప్రొహాస్కా అంతకుముందే గుహల అన్వేషకుల పత్రికలో దీన్ని వివరించినా, 1994లో జేసన్ బ్లేక్ చెట్ల పనివాళ్ల ముందుకు తేవడంతో ఆయన పేరే నిలిచింది. కొనను తాడు చుట్టూ కింది నుంచి పైకి నాలుగు చుట్లు చుట్టాలి. మొదటి రెండు చుట్లు వేసేటప్పుడు లోపల బొటనవేలు ఉంచితే తర్వాత చోటు దొరుకుతుంది. నాలుగూ అయ్యాక కొనను కిందికి తెచ్చి, హార్నెస్ వైపు వెళ్లే భాగానికి ముందు నుంచి దాటించి, ప్రధాన తాడు వెనక్కి తిప్పి, బొటనవేలు ఉన్న ఆ రెండు చుట్ల లోంచి బయటికి లాగాలి. ఆ ముందు నుంచి దాటించడం మరిచిపోతే ముడి చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది, నమ్మడానికి మాత్రం పనికిరాదు. చివరన ఎనిమిది అంకె ముడి వేస్తే కొన జారిపోదు.

ఈ ముడికి వేరే సామాను అక్కర్లేదు. కట్టిన తాడు మిగులు కొనతోనే వేసుకోవచ్చు. లోపం వేడి. ఒరిపిడంతా ఒకేచోట పడుతుంది కాబట్టి వేగంగా దిగితే అక్కడ తాడు కరిగి గాజులా మెరుస్తుంది, వేలికి గట్టిగా తగులుతుంది. ఇప్పుడు నేరుగా జిగ్‌జాగ్ లాంటి లోహపు పరికరంతోనే నేర్చుకోవడం మొదలుపెట్టేవారున్నారు. పరికరం చెడ్డదని కాదు. కాని ముడిని తానే చుట్టి, బిగించి, వేలితో తడిమి తప్పొప్పులు కనిపెట్టే చేయి అలా తయారు కాదు.

డిస్టెల్, వాల్డొటైన్ ట్రెస్ లాంటి హిచ్‌లు విడి సన్నతాడుతో వేసేవి. కింద చిన్న కప్పీ ఉంటే ఒక్క చేత్తో తాడు లాగినా హిచ్ తనంతట పైకి జరుగుతుంది. ఆ విడి తాడు ప్రధాన తాడు కంటే సన్నగా, 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండాలి. మరీ సన్నదైతే కరిచిపట్టి వదలదు, లావైతే పట్టకుండా జారుతుంది. వేడి సంగతికొస్తే, నైలాన్ సుమారు 220 డిగ్రీల సెల్సియస్ నుంచి, పాలిస్టర్ 255 దగ్గర కరుగుతాయి. అరామిడ్ అనే నార కరగదు, 500 డిగ్రీల ప్రాంతంలో మాడుతుంది. హిచ్ వేసే తాళ్లకు అరామిడ్ తొడుగు అందుకే వాడతారు. ఎండకూ పదేపదే వంగడానికీ అది తట్టుకోలేదు కాబట్టి త్వరగా మార్చాలి.

ఏ తాడుకు ఏ హిచ్ కుదురుతుందో కాగితం చెప్పదు. నేల మీద, చేతికందే ఎత్తులో పూర్తి బరువు వేసి చూడాలి. కొత్త తాడు నున్నగా ఉండి జారితే ఒక చుట్టు పెంచాలి, బిగిసి వదలకపోతే తగ్గించాలి. వాన పడినా, జిగురు అంటినా మళ్లీ చూసుకోవాలి.

మోటారు రంపం అందుకునే ముందు రెండో తాడుతోనూ మానుకు కట్టుకోవాలి. బరువుతో బిగిసిన తాడుకు గొలుసు తగిలితే క్షణంలో తెగిపోతుంది. పని అయ్యాక తాడంతా వేళ్ల మధ్య నుంచి జారుస్తూ మెత్తబడిన చోట్లు, గట్టిపడిన చోట్లు, తెగిన పోగులు వెతకాలి. బ్యాటరీ యాసిడ్ నైలాన్‌ను తినేస్తుంది. అనుమానం వచ్చిన తాడును దాచకూడదు, ఇంకెవరూ దాంతో ఎక్కకుండా ముక్కలు ముక్కలుగా కోసేయాలి.