అగ్నిపర్వతములు – వాని తీరులు

(పాఠశాల విజ్ఞాన సభలో ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)

 

నేడు అగ్నిపర్వతములను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. మన షోలాపురమునకును వానికిని సంబంధమేమని మీకు తోచవచ్చును. ఇచ్చట బావి త్రవ్వినపుడు తగులు నల్లరాయి ఒకప్పుడు నిప్పువలె మండుచు ప్రవహించిన ద్రవమే. ఆ కథ కొంచెము తరువాత చెప్పెదను. ముందుగా అగ్నిపర్వతములు ఎట్లు పేలునో తెలిసికొందము.

భూమి లోతున కొన్ని చోట్ల రాయి కరగి ద్రవమగును. చుట్టునున్న రాతికంటె తేలిక యగుటచే అది పైకి వచ్చును. లోపల నున్నంతకాలము దానిని శిలాద్రవమనియు, వెలికి వచ్చిన పిమ్మట లావా యనియు అందురు. నీటియావిరి మొదలగు వాయువులు ఒత్తిడిచే అందులో ఇమిడియుండును. గోలీసోడాలోని గోలీని నొక్కగనే బుస్సుమని నురుగు పొంగుట మీరు చూచియుందురు. శిలాద్రవము పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గి, వాయువులు అట్లే బుడగలై పొంగును. అగ్నిపర్వతము పేలుటకు ఇదియే ముఖ్యకారణము.

అయితే అన్ని పర్వతములు ఒకే తీరున పేలవు. పొయ్యిమీద చారు కాగునపుడు బుడగలు సులభముగా పగిలిపోవును. చిక్కని జావ ఉడుకునపుడు బుడగ లోపలనే చిక్కుకొని, తుదకు పగిలి, కలుపువారి చేతిమీద చిందును. లావా సంగతియు అంతే. అందులో సిలికా అను పదార్థము తక్కువయైన పలుచగను, ఎక్కువయైన చిక్కగను ఉండును. ఈ ఒక్క భేదము గుర్తుంచుకొనిన తక్కిన తీరులు చాలవరకు బోధపడును.

పలుచని లావా దూరము పారి, బోర్లించిన డాలువంటి విశాలమైన కొండగా ఏర్పడును. హవాయి దీవిలోని మౌనాలోవా అట్టిది. దాని ఎత్తు సముద్రమట్టమునకు 4,169 మీటర్లు. పొరుగుననున్న కిలావియా 2018లో 700కు పైగా ఇండ్లను కబళించెను. అయినను లావా మెల్లగా వచ్చుటచే ప్రజలు తొలగిపోగలిగిరి.

రెండవ తీరు బొగ్గుకంకర వంటి ముక్కలు పైకెగిరి, బిలము చుట్టు పడి ఏర్పడు దిబ్బ. మెక్సికోలో పారికూటిన్ అనునది 1943 ఫిబ్రవరి 20న ఒక రైతు చేనిలో పుట్టి, ఏడాదిలో 300 మీటర్లకు మించి పెరిగి, 1952లో చల్లారెను.

మూడవది లావా, బూడిద పొరలు పొరలుగా పేరుకొనిన నిటారు పర్వతము. జపానులోని ఫ్యూజి, ఇటలీలోని వెసూవియస్ ఇట్టివి. ఇవి చూపునకు అందమైనవి, కాని మిక్కిలి అపాయకరములు. చిక్కని ద్రవము దారి మూసివేయగా లోపల ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా బ్రద్దలగును. అపుడు కాలుచున్న బూడిద, వాయువులు కలిసిన మేఘము రైలుబండి కంటె వేగముగా కొండ దిగి వచ్చును. 1902 మే 8న మార్టినిక్ దీవిలో పెలే పర్వతమునుండి దిగిన అట్టి మేఘము సెయింట్ పియర్ నగరమున సుమారు 28,000 మందిని కొద్ది నిమిషములలో బలిగొనెను.

నాల్గవ తీరున లోపలి ద్రవము పెద్దయెత్తున వెలికిపోగా పైకప్పు కూలి, మహాబిలము ఏర్పడును. సుమత్రాలోని టోబా సుమారు 74,000 ఏండ్ల క్రిందట అట్లు కూలెను. ఆ గోతిలో నేడు సుమారు 100 కిలోమీటర్ల పొడవుగల సరస్సు కలదు. నాటి బూడిద సముద్రము దాటివచ్చి, ఆంధ్రదేశమున నంద్యాల జిల్లా జ్వాలాపురము వద్ద నేటికిని పొరగా కనబడుచున్నది.

ఐదవ తీరున పర్వతమే ఉండదు. నేల పగిలి, ఆ పగుళ్లగుండ పలుచని లావా వరదవలె పారును. మన దక్కను పీఠభూమిలో పెద్దభాగము సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట ఇట్లు పరచుకొనినదే. నేటికి మిగిలిన భాగమే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ శిలలు రాజమహేంద్రవరము దాపునను కలవు. ఆ రాయి అరిగి నల్లరేగడి అయినది, నల్లరేగడిలో పత్తి పండినది. మగ్గమును నమ్ముకొని ఈ ఊరు చేరిన మన పెద్దలకు ఆ పురాతనాగ్ని కూడ అన్నము పెట్టినదనవచ్చును.

ఇక చివరి మాట. కొలంబియాలో నెవాడో దెల్ రూయిజ్ అను మంచుకొండ కలదు. 1985 నవంబరు 13 రాత్రి అది పేలెను. పేలుడు పెద్దది కాదు. కాని మంచు కరగి, బురద వరదయై, సుమారు రెండున్నర గంటలకు ఆర్మెరో పట్టణమును ముంచెను. సుమారు 23,000 మంది మరణించిరి. అపాయమున్న చోట్లను చూపు పటము అంతకు నెల ముందే సిద్ధమైయుండెను. మెరకకు నడచిపోవుటకు వ్యవధియు ఉండెను. కాని హెచ్చరిక జనులకు సరిగా అందలేదు.

ఫిలిప్పీన్సులో పినటూబో 1991 జూన్ 15న అంతకంటె ఎన్నో రెట్లు ఘోరముగా పేలెను. అచ్చట శాస్త్రజ్ఞులు ముందే గుర్తించి, జనులకు తెలియునట్లు చెప్పి, వేలాదిమందిని తరలింపజేసిరి. కొన్ని వందలమంది మరణించినను, వేల ప్రాణములు నిలిచినవి.

ఈ రెంటికిని గల భేదము ఆలోచింపుడు. జ్ఞానము రెండు చోట్లను ఉండెను. ఒకచోట అది పటములో నిలిచిపోయినది, వేరొకచోట ఇంటింటికి చేరినది. శాస్త్రము మనుష్యుని కాపాడవలెనన్న అతనికి తెలిసిన భాషలో అతని గడపవరకు రావలెను. మన పిల్లలు తెలుగున శాస్త్రము చదువవలెనని మన సంఘము పట్టుబట్టుటకు ఇంతకంటె కారణము వేరు వలదు. కావున బాలబాలికలారా, నేడిచ్చట వినినదానిని ఇంటికి పోయి, చదువుకొనుటకు నోచుకోని మీ అవ్వకు, తాతకు మన మాటలలో వినిపింపుడు. వారికి బోధపడినచో మీకును బోధపడినట్లే.

సెలవు.