రంగు మార్చే సూది ఎవరి కోసం?

(బెళుగుప్పలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి నెల ఈ మండలంలోనే ఒక తల్లి నా దగ్గరకొచ్చింది. రంగు తక్కువని కూతురికి రెండు సంబంధాలు తప్పిపోయాయట. నరానికి సూది ఎక్కిస్తే పిల్ల తెల్లబడుతుందని పట్నంలో ఒక పార్లరు వాళ్లు చెప్పారట. శెనక్కాయలమ్మిన డబ్బు అందులో పెట్టమంటావా అని అడిగింది. ఆమెకు చెప్పిన మాటలే మీకూ చెబుతున్నాను.

ఆ మందు పేరు గ్లూటాథయోన్. ఇది మన ఒంట్లో తనంతట తానే తయారయ్యే పదార్థం. దీన్ని విటమిన్ సితో కలిపి, సెలైన్‌లో ఎక్కించి, 'కాంతి', 'ఆరోగ్యం' అని అమ్ముతున్నారు. తెల్లబడడానికి ఈ సూది వాడేందుకు మన దేశంలో ఆమోదం లేదు. మూత్రపిండాలకు, థైరాయిడ్‌కు చేటు జరగవచ్చని, చర్మం ఊడిపోయే ప్రాణాంతక జబ్బు రావచ్చని ఫిలిప్పీన్స్ ఔషధ సంస్థ 2011లోనే హెచ్చరించింది. ఒకవేళ రంగు కాస్త మారినా, సూది ఆపితే అది నిలవదు.

సీసాలు మనకు కొత్త కాదు. కలుపు తీసి నీరసపడితే గ్లూకోజు ఎక్కించుకుంటాం. అరలీటరు 5 శాతం సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెరే. నీరసానికి అసలు కారణం చాలామందిలో రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి అది ఉంది. ఐరన్ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఒంట్లో రక్తం ఎంతుందని పెళ్లిచూపుల్లో ఎవరూ అడగరు. ఒంటి రంగే అడుగుతారు.

ఎండలో పనిచేసే మనకు చర్మంలోని నలుపు ఒక గొడుగు. అది జబ్బు కాదు. 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో 'గ్లో అండ్ లవ్లీ' అయింది. పేరు మారింది గానీ సంబంధాలు చూసే కళ్లు మారలేదు. రంగు తగ్గితే కట్నం పెంచుతారు. కట్నం అడగడం 1961 చట్టం ప్రకారం నేరమని మనం మరచిపోతున్నాం.

ఎవరైనా ఇలాంటి సూది వేస్తామంటే డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, మందు చీటీ, బిల్లు అడగండి. నష్టం జరిగితే ఔషధ తనిఖీ అధికారికి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయండి.

ఆ తల్లి ఇంకా తేల్చుకోలేదు. ఊళ్లో మాట పడేది ఆమె, నేను కాదు. అందుకే సూది వద్దని చెబితే సరిపోదు. రేపు పిల్లను చూడవచ్చినవాళ్లు రంగు మాటెత్తితే ఆ ఇంటి గడపలో సంఘం నిలబడాలి. నిలబడతామా?