అప్పుకు అసలు ధర ఎంత?

(చిన్న వ్యాపారులు, కళాశాల విద్యార్థుల కూటములో చేసిన ప్రసంగము)



మందిరములో డబ్బు సంగతి ఎందుకని కొందరు అడుగవచ్చును. పునాది వేసి, గోపురము ముగించలేక నవ్వులపాలైన మనిషిని గూర్చి ప్రభువు చెప్పినది మీరందరు ఎరుగుదురు. ఆయన తప్పుపట్టినది ఆ మనిషి పేదరికమును కాదు, ముందుగా లెక్క చూడకపోవుటను.

మన ప్రాంతమునకు ఈ పాఠము క్రొత్తది కాదు. వానలు తప్పిన ఏట గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసికొని, ఆనకట్టల పనులకు, కాలువల పనులకు దూర రాష్ట్రములకు పోయిన పాలమూరు కుటుంబములు ఎన్నో. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక నేతగాండ్రలో అనేకులు షావుకారు వద్ద నూలు తెచ్చుకొని కూలికి నేసినవారే. ముందు వాడుకొన్నది కూలిలో తెగుచుండెడిది. వెట్టిచాకిరిని 1976 చట్టము రద్దు చేసినది. అయినను లెక్కపుస్తకము ఎవరి చేతిలో ఉన్నదో, వారి మాటే నేటికిని చెల్లుచున్నది.

మన బజారులో నడిచే డైలీ ఫైనాన్సును చూడండి. పది వేల అప్పని వ్రాసి, వెయ్యి ముందే పట్టుకొని, 9,000 చేతికిస్తారు. దినమునకు 100 చొప్పున 100 దినములు కట్టవలెను. "నూటికి పదే గదా" అని మనవాడు సంతోషిస్తాడు. కాని ఆ తొమ్మిది వేలు నూరు దినములు అతని వద్ద ఉండవు. మొదటి దినము నుండియే తిరిగి పోవుచుండును. సగటున అతని చేతిలో ఉండేది సుమారు 4,500 మాత్రమే. ఆ మాత్రపు సొమ్ముకు నూరు దినములకు వెయ్యి రూపాయల వడ్డీ! ఏడాదికి లెక్క కట్టితే నూటికి ఎనభై దగ్గరకు వచ్చును. మనము భయపడే మూడు రూపాయల వడ్డీ కూడ ఏడాదికి 36 మాత్రమే. 2015లో ఆరంభమైన ముద్ర యోజన క్రింద 50,000 వరకు శిశు ఋణమును తాకట్టు లేకుండ బ్యాంకులో అడుగవచ్చును. అడుగుటకు చేతిలో లెక్క ఉండవలెను.

ఆ లెక్క ఏమిటి? ఒక టిఫిను బండి అనుకొందము. దినమునకు 2,000 అమ్మకము. సరుకులకు 1,400, గ్యాసుకు, అద్దెకు 200, వాయిదాకు 100 పోగా మిగిలేది 300. గల్లాలో రెండు వేలు కనబడుచున్నవని ఇంటికి 500 తీసినవాడు దినమునకు రెండు వందలు పెట్టుబడిలోనుండి తినుచున్నాడు. పది దినములలో ఒక దినపు అమ్మకమంత హరించిపోవును. ఇప్పుడు డబ్బు ఫోనులోనే వచ్చి ఫోనులోనే పోవుచున్నది గనుక కంటికి కూడ ఆనదు. ఇంటి డబ్బుకు ఒక ఖాతా, అంగడికి మరియొక ఖాతా పెట్టుకొనండి. రాత్రి పడుకొనే ముందు నాలుగు వరుసలు వ్రాయండి.

విద్యార్థులారా, 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, 2008లో మహబూబ్‌నగరులో పాలమూరు విశ్వవిద్యాలయము వచ్చినవి. తల్లిదండ్రులు చదువని చదువులు మీరు చదువుచున్నారు. స్కాలర్‌షిప్పు ఆలస్యమైనప్పుడు, హాస్టలు ఖర్చు మీదపడినప్పుడు ఫోనులోని అప్పు యాప్ తియ్యగా పిలుచును. ఐదు వేలని చెప్పి 3,500 ఇచ్చి, ఏడు దినములలో ఐదు వేలు కట్టుమన్నచో వారము వడ్డీయే నూటికి 43! కట్టకపోతే ఫోనులోని పేర్లన్నిటికి అవమానకరమైన సందేశములు పోవును. 2020 చివర మన తెలంగాణలో ఈ వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొన్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఆ డిసెంబరులో పలువురిని అరెస్టు చేసిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమములు పెట్టినది: ఏడాది వడ్డీ, ఖర్చులు కలిపి మొత్తము రేటు ముందే చెప్పవలెను. ఫోనులోని పేర్ల జాబితాను యాప్ ముట్టరాదు. ఈ రెండింటిలో ఏది తప్పినను ఆ అప్పు జోలికి పోకండి. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

2010లో సూక్ష్మఋణముల వారపు వాయిదాల వేళను మన పల్లెలలో ప్రాణములు పోయినవి. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చి వారపు వాయిదాను నెలవారీ చేసినది, వడ్డీ మొత్తము అసలును మించరాదన్నది. ఆనాడును, 2020లోను అప్పుతో పాటు సిగ్గు కూడ మనుష్యులను నలిపినది. ఇంటిలో చెప్పలేదు, సంఘములో చెప్పలేదు.

గనుక సంఘ పెద్దలకు నా మనవి. అప్పుల పాలైనవానిని గూర్చి మందిరపు మెట్ల మీద గుసగుసలాడకండి. మన సంఘములలో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. నెలకు ఒక ఆదివారము మధ్యాహ్నము వారు కూర్చుండి, ఎవరు పుస్తకము తెచ్చినను చూచి, రెండవ చెవికి సోకకుండ సలహా చెప్పవలెను. సంఘపు కానుకల లెక్క కూడ ప్రతి నెల అందరి యెదుట చదువవలెను. మన లెక్క మూసిపెట్టి, వారి లెక్క తెరువుమనుట న్యాయము కాదు.

మీ మట్టుకు మీరు, సంతకము పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: చేతికి ఎంత వచ్చును? మొత్తము ఎంత కట్టవలెను? ఎన్ని దినములలో? జవాబు కాగితము మీద వ్రాసి ఇయ్యనివాని వద్ద అప్పు తీసికొనవద్దు.